వచ్చెను, వచ్చినాఁడు, వచ్చియున్నాడు: ఖమ్మం-భద్రాచలం అటవీ సరిహద్దులో భూతకాల నిర్ణయ చరిత్ర

వ్యాససంగ్రహం:
జరిగిపోయిన పనిని చెప్పడానికి ఆంగ్లంలో సింపుల్ పాస్ట్, ప్రెజెంట్ పర్ఫెక్ట్ అనే రెండు రూపాలు ఉన్నాయి. తెలుగులో ఆ రెండింటి పనినీ చాలావరకు ఒకే భూతకాల రూపం నిర్వహిస్తుంది. ఈ భేదం 19వ శతాబ్దిలో తెలుగు వ్యాకరణ రచనలోకి, అనువాద భాషలోకి, తరువాత తరగతిగదిలోకి, చివరకు ఏజెన్సీ భూమి చట్టాల అన్వయంలోకి ఎలా ప్రవేశించిందో ఖమ్మం-భద్రాచలం అటవీ ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: భూతార్థకం, క్త్వార్థకం, ప్రెజెంట్ పర్ఫెక్ట్, బాలవ్యాకరణం, కోయ భాష, దుమ్ముగూడెం, పోడు, అటవీ హక్కుల చట్టం.

ఉపోద్ఘాతం:
భద్రాచలం ఏజెన్సీలోని ఒక గ్రామసభలో వృద్ధుడొకడు "మా తాత ఈ పోడు కొట్టిండు, మా నాయన దున్నిండు, మేం దున్నుకుంటున్నం" అని చెప్పాడనుకుందాం. తెలుగు తెలిసినవారెవరికీ ఇందులో సందేహం కలగదు. ఈ మూడు వాక్యాలను ఆంగ్లంలో నమోదు చేయవలసి వచ్చినప్పుడు మాత్రం రాసేవాడు ఆగి ఆలోచించాలి. 'కొట్టిండు' అన్నది ఎప్పుడో జరిగి ముగిసిన పనా, నేటికీ ఫలితం నిలిచి ఉన్న పనా? మొదటిదైతే 'క్లియర్డ్' అని, రెండవదైతే 'హ్యాజ్ క్లియర్డ్' అని రాయాలి. మాట్లాడినవాడు చేయని నిర్ణయాన్ని రాసేవాడు చేయవలసి వస్తుంది.

దీనిని విద్యార్థుల తప్పుల పట్టికలో ఒక అంశంగా చూడటం మన విద్యాసంస్థల్లో అలవాటు. 'ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే' అని రాసిన తెలుగు విద్యార్థికి మార్కులు తగ్గుతాయి. కారణం చెప్పేవారు తక్కువ. ఆ తప్పుకు రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. దానిలో కొంత భాగం మద్రాసు కళాశాలలోనూ, కొంత భాగం దుమ్ముగూడెం గోదావరి ఒడ్డునా నడిచింది.

1. నాలుగు కాలాల తెలుగు:
సంస్కృత వైయాకరణులు భూతకాలాన్ని ఒకటిగా చూడలేదు. నేటిది కాని గతానికి లఙ్, వక్త కంటికి కనబడని గతానికి లిట్, సామాన్య భూతానికి లుఙ్ అని పాణిని మూడుగా విభజించాడు. బ్రాహ్మణ గ్రంథాల గద్యంలో లుఙ్ రూపం ఇప్పుడే జరిగిన పనిని, దాని ఫలితం వక్త ముందున్న పనిని తెలుపుతుంది. ఆంగ్ల ప్రెజెంట్ పర్ఫెక్టుకు భారతీయ వ్యాకరణ సంప్రదాయంలో దగ్గరి బంధువును వెదికితే అది ఇదే. కావ్యభాషలో ఈ మూడింటి భేదం చెరిగిపోయింది. కనుక తెలుగు వ్యాకరణాలు రాసినవారికి సంస్కృతం నుంచి అందిన నమూనాలో ఆ భేదం పేరుకు మాత్రమే మిగిలింది.

1858లో వెలువడిన బాలవ్యాకరణంలో పరవస్తు చిన్నయసూరి క్రియాపరిచ్ఛేదాన్ని వర్తమానం, భూతం, భవిష్యత్తు, తద్ధర్మం అనే నాలుగు అర్థాలపై నిర్మించాడు. భూతార్థం ఒక్కటే. 'వచ్చి', 'చేసి' వంటివి క్త్వార్థకాలు. వాటి పక్కన 'ఉండు' ధాతువు చేరితే ఏర్పడే 'వచ్చియున్నాఁడు' వంటి ప్రయోగాన్ని వేరొక కాలంగా ఆయన లెక్కపెట్టలేదు. క్త్వార్థకం ఒక క్రియ, ఉండు మరొక క్రియ. రెండూ పక్కపక్కన నిలిచాయి, అంతే. ఇది లోపమని కొందరు భావించవచ్చు గాని, తెలుగు స్వభావాన్ని బట్టి చూస్తే సూరి దృష్టి సమంజసమే.

ఇక్కడ తెలుగు భూతకాల రూపాల పుట్టుకను కొంత వివరంగా చూడాలి. ప్రాచీన కావ్యభాషలో ప్రధానమైనవి 'వచ్చెను', 'వచ్చితిని' వంటి రూపాలు. నేటి వ్యవహారంలోని 'వచ్చాడు' వీటి నుంచి రాలేదు. 'వచ్చిన' అనే భూత క్రియాజన్య విశేషణానికి 'వాఁడు' చేరి 'వచ్చినవాఁడు', అది కుదించుకొని 'వచ్చినాఁడు', దాని నుంచి 'వచ్చాడు' ఏర్పడ్డాయి. 'వచ్చినవాఁడు' నిజానికి క్రియ కాదు, నామం. 'అతఁడు వచ్చినవాఁడు' అంటే అతడు ఇప్పుడు ఎలాంటివాడో చెప్పడం, రాకను తన స్థితిగా మోస్తున్నవాడని చెప్పడం. ఆ దశలో 'వచ్చెను' సంఘటనను, 'వచ్చినవాఁడు' ఆ సంఘటన మిగిల్చిన స్థితిని తెలిపాయనుకోవడానికి రూపనిర్మాణమే ఆధారం. అంటే ఆంగ్లంలోని ఎంపికకు దగ్గరగా ఉండే ఎంపిక తెలుగులోనూ ఒకప్పుడు సాధ్యమయ్యేది. కాలక్రమంలో స్థితివాచక రూపమే సామాన్య భూతకాలమై, పాత 'వచ్చెను' గ్రంథాలకు పరిమితమైంది.

ఇది తెలుగుకు మాత్రమే ప్రత్యేకం కాదు. ఫ్రెంచి వ్యవహారంలో 'హావ్'తో కూడిన సమాస రూపం పాత సామాన్య భూతాన్ని తొలగించి తానే భూతకాలమైంది. దక్షిణ జర్మన్ మాండలికాల్లోనూ ఇదే జరిగింది. ఆంగ్లం మాత్రం రెండు రూపాలనూ నిలుపుకొని, వాటి మధ్య గట్టు కట్టుకొంది. గట్టు కట్టినవాడికే గట్టు దాటడం తప్పవుతుంది.

ఖమ్మం ప్రాంతం ఈ పరిణామాన్ని చూడటానికి అనువైన చోటు. తెలంగాణ వైపు 'వచ్చిండు', కృష్ణా-గోదావరి జిల్లాల వైపు 'వచ్చాడు' ఇక్కడ కలుస్తాయి. 'వచ్చిండు' అనే రూపంలో 'ఉండు' ధాతువు దాగి ఉందని కొందరు పొరబడతారు. అందులో ఉన్నది 'వచ్చినాఁడు' రూపంలోని పుంలింగ ప్రత్యయమే. రెండు రూపాల మూలం ఒకటే. రెండూ 'నిన్న' అనే మాటతోనూ, 'ఇప్పుడే' అనే మాటతోనూ సమానంగా పొసగుతాయి. కాలభేదాన్ని క్రియ మీద వేయకుండా పక్కనున్న మాట మీద వేయడం తెలుగు పద్ధతి. 'నిన్న రాలేదు', 'ఇంకా రాలేదు' అనే వాక్యాల్లో వ్యతిరేక క్రియ ఒకటే. ఆంగ్లంలో ఒకటి 'డిడ్ నాట్ కమ్', మరొకటి 'హ్యాజ్ నాట్ కమ్'.

దానశాసనాల భాష కూడా ఇలాగే ఉంటుంది. దాత భూమిని 'ఇచ్చెను', 'ఇచ్చిరి' అని సామాన్య భూతంలోనే చెబుతాడు. ఆ దానం నేటికీ రేపటికీ చెల్లుతుందనే అర్థాన్ని మోసేది 'ఆచంద్రార్కము' అనే మాట.

2. కళాశాల వ్యాకరణాలు:
1812లో మద్రాసులో ఏర్పడిన ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల కుంపిణీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పేది. విలియం కేరీ వ్యాకరణం 1814లో శ్రీరాంపురంలోనూ, ఎ.డి. క్యాంప్‌బెల్ వ్యాకరణం 1816లో మద్రాసులోనూ వెలువడ్డాయి. సి.పి. బ్రౌన్ వ్యాకరణం 1840లో, బందరులో పనిచేసిన చర్చ్ మిషనరీ సొసైటీ మిషనరీ ఎ.హెచ్. ఆర్డెన్ వ్యాకరణం 1873లో వచ్చాయి. వీటిని చదివేవారు తెలుగువారు కారు. అర్జీలు, వాంగ్మూలాలు విని ఆంగ్లంలో తీర్పు రాయవలసిన అధికారులు, ప్రసంగాలు చేయవలసిన మిషనరీలు. కనుక ఆంగ్లంలోని ప్రతి కాలానికీ తెలుగులో ఒక సమానార్థకం కావలసి వచ్చింది.

ఆనాటి ఆంగ్ల వ్యాకరణ బోధనకు 1795లో ప్రచురితమైన లిండ్లీ మరే పుస్తకం ప్రమాణం. వర్తమానంతో సంబంధమున్న గతానికి ఒక రూపం, ముగిసిన కాలానికి మరొక రూపం అనే సూత్రం దానిలో స్థిరపడింది. ఆ చట్రంతో తెలుగును చూసినవారికి రెండు చోట్ల ఇబ్బంది ఎదురైంది. ఒకటి తద్ధర్మార్థకం. దానికి ఆంగ్లంలో సరిపోయే కాలం లేకపోవడంతో బ్రౌన్ గ్రీకు వ్యాకరణం నుంచి 'అయొరిస్టు' అనే పేరు తెచ్చి పెట్టాడు. ఆ పేరు గ్రీకులో గతానికి చెందింది, తెలుగులో అది తగిలించిన రూపం అలవాటుకూ భవిష్యత్తుకూ చెందింది. రెండవది ప్రెజెంట్ పర్ఫెక్ట్. ఆ గడి నింపడానికి దొరికింది క్త్వార్థకంతో కూడిన 'ఉన్నాడు'.

ఈ సమీకరణంలో సగం నిజం ఉంది. ఆంగ్ల పర్ఫెక్ట్ 'హావ్' అనే స్వామ్యవాచక క్రియ నుంచి పుట్టింది. 'నా దగ్గర రాసిన ఉత్తరం ఉంది' వంటి వాక్యం నుంచి 'నేను ఉత్తరం రాశాను' అనే అర్థం వచ్చింది. తెలుగులో అలాంటి క్రియ లేదు. ఇల్లు 'నాకు ఉంది' అనే అంటాం. పాత ఆంగ్లంలో గమనవాచక క్రియలకు 'హావ్' బదులు 'బీ' వచ్చేది. 'హీ ఈజ్ కమ్' అనే ఆ పాత వాక్యానికి 'వచ్చి ఉన్నాడు' అచ్చంగా సరిపోతుంది. పదిహేడవ శతాబ్దపు బైబిల్ ఆంగ్లంలో ఈ రూపాలు విరివిగా ఉన్నాయి. 1818 నాటి కొత్త నిబంధన మొదలుకొని సాగిన తెలుగు అనువాద సంప్రదాయంలో 'వ్రాయబడియున్నది' వంటి ప్రయోగాలు పాతుకుపోయాయి. అక్కడ అవి తప్పు కావు. గ్రీకు మూలంలోనూ అది పర్ఫెక్టే. రాసింది రాసి ఉంది, చెరగలేదు అనే భావమే కావాలి.

నిజం కాని సగం వేరే ఉంది. తెలుగులో 'వచ్చి ఉన్నాడు' అంటే వచ్చి, ఇంకా ఇక్కడే ఉన్నాడు. 'అతను అన్నం తిని ఉన్నాడు' అని ఎవరూ సహజంగా అనరు, 'తిన్నాడు' అంటారు. 'తిని ఉంటాడు' అంటే ఊహ, 'తిని ఉండాలి' అంటే అనుమానం. 'ఉండు' చేరగానే తెలుగు వాక్యం చాలాసార్లు కాలం నుంచి నిశ్చయం, అనిశ్చయం అనే వైపు జరుగుతుంది. కళాశాల వ్యాకరణాల పట్టికలో ఈ తేడాకు గడి లేదు. 1985లో భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ కలసి ఆధునిక తెలుగు వ్యాకరణం ప్రచురించేనాటికి వర్ణనాత్మక భాషాశాస్త్రం ఈ సంయుక్త క్రియలను వాటి తీరులోనే చూడటం నేర్చుకొంది. పాఠశాల గైడు పుస్తకాల దాకా ఆ చూపు చేరలేదు.

3. దుమ్ముగూడెం:
గోదావరి నౌకాయాన పథకంలో భాగంగా దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట పనులు నడిపిన ఇంజినీరు ఎఫ్.టి. హేగ్ ప్రోద్బలంతో అక్కడ చర్చ్ మిషనరీ సొసైటీ కోయ మిషన్ ఏర్పడింది. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు అప్పట్లో మధ్య పరగణాల ఎగువ గోదావరి జిల్లాలో ఉండేవి. 1874లో వాటిని మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మార్చారు. ఆ దశకంలోనే దుమ్ముగూడెంలో పనిచేసిన జాన్ కెయిన్ ఆ రెండు తాలూకాల గురించి 'ఇండియన్ యాంటిక్వరీ'లో 1876, 1879, 1881 సంవత్సరాల్లో వ్యాసాలు రాశాడు. కోయల ఆచారాలు, భాష గురించి తొలి విస్తృత సమాచారం వాటిలో ఉంది.

కోయ తెలుగుకు మాండలికం కాదు. గోండీకి చెందిన భాష. గోండీ, కువి, కొండ వంటి భాషలతో కలసి తెలుగు దక్షిణ-మధ్య ద్రావిడ శాఖలో చేరుతుంది. గోండీ-కోయల్లో 'ఉండు' అనే అర్థం 'మన్' ధాతువుది. అదే ధాతువు తెలుగులో 'మను' రూపంలో 'జీవించు' అనే అర్థానికి మారింది. మనికి, మనుగడ అనే మాటలు దాని సంతానం. ఇదే శాఖకు చెంది ఒడిశాలో మాట్లాడే పెంగో భాషలో ఈ 'మన్' భూతకాల క్రియకు అతుక్కుపోయి నిజమైన పర్ఫెక్ట్ కాలం ఏర్పడిందని శాన్‌ఫర్డ్ స్టీవర్ వంటి ద్రావిడ భాషాశాస్త్రజ్ఞులు వివరించారు. పర్ఫెక్ట్ అనేది ద్రావిడ భాషలకు పరాయి భావన అనే వాదం కనుక నిలవదు. తెలుగు ఒక దారి పట్టింది, అడవిలోని దాని దాయాది మరొక దారి పట్టింది.

మిషనరీ ఆంగ్లంలో ఆలోచించి, తెలుగు ద్వారా కోయ నేర్చుకొని, సువార్త భాగాలను కోయలోకి మార్చాడు. ఆ క్రమంలో ఒక భాష కాలవిభాగాన్ని మరొక దాని మీద రెండుసార్లు పరచవలసి వచ్చింది. 1906లో వచ్చిన భారతీయ భాషాసర్వే నాలుగవ సంపుటంలో స్టెన్ కొనోవ్ కోయను గోండీ కింద చేర్చాడు. మద్రాసు ప్రెసిడెన్సీ ఆ సర్వే క్షేత్రపరిధిలో లేకపోవడం వల్ల 1874 నాటి సరిహద్దు మార్పు భద్రాచలం కోయకు భాషాశాస్త్రపరంగానూ నష్టం చేసింది. గోదావరి ఒడ్డున నివసించే గొమ్ము కోయల భాషకు సమగ్రమైన వ్యాకరణ వర్ణన రావడానికి 1969లో స్టీఫెన్ టైలర్ పుస్తకం దాకా ఆగవలసి వచ్చింది.

ఈ సందర్భంలో గిడుగు రామమూర్తిని గుర్తు చేసుకోవడం అప్రస్తుతం కాదు. వ్యవహార భాషా రూపాలకు గౌరవం కోసం పోరాడిన ఆయన అంతకుముందే సవర భాషను నేర్చుకొని ఉన్నాడు. లిపి లేని భాష దగ్గర కూర్చున్నవాడికే తన భాషలోని మాట్లాడే రూపం కూడా నియమబద్ధమని తట్టింది.

4. తరగతిగది:
1930లలో వచ్చిన రెన్, మార్టిన్‌ల వ్యాకరణం మొదట భారతదేశంలోని ఆంగ్లేయ పిల్లల కోసం తయారైంది. తరువాత అది తెలుగు జిల్లాల్లోనూ ఇంటింటి పుస్తకమైంది. దాని సూత్రం నిశ్చిత కాలవాచకంతో ప్రెజెంట్ పర్ఫెక్ట్ రాదని చెబుతుంది. సూత్రం సరైనదే. తెలుగు ఉపాధ్యాయుడు ఆ సూత్రానికి ముందు 'హ్యాజ్ కమ్ అంటే వచ్చియున్నాడు' అని బోర్డు మీద రాస్తాడు. విద్యార్థికి 'వచ్చియున్నాడు' అనే రూపం తన నోట ఎన్నడూ వినబడనిది, గంభీరమైనది. కనుక 'హ్యాజ్ కమ్' అనేది 'కేమ్' కంటే మర్యాదగల, పుస్తకపు భూతకాలమని అతడు గ్రహిస్తాడు. 'నిన్న' ఉన్న వాక్యంలో దానిని వాడటానికి కారణం చాలావరకు ఇదే. అజ్ఞానం కంటే అతివినయం ఎక్కువ.

భద్రాచలం ఐటీడీఏ పరిధిలోని ఆశ్రమ పాఠశాలల్లో చదివే కోయ విద్యార్థికి ఇది మూడవ మెట్టు. ఇంటి భాష కోయ, బడి భాష తెలుగు, పరీక్ష భాష ఆంగ్లం. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం కోయ సహా ఎనిమిది భాషల్లో ప్రాథమిక వాచకాలు తయారుచేసింది. అది ప్రాథమిక తరగతులకే పరిమితం. ఆంగ్ల కాలాలు వచ్చే తరగతులకు చేరేసరికి వివరణ మళ్ళీ 'వచ్చియున్నాడు' దగ్గరికే వస్తుంది.

'అన్నం తిన్నావా?' అనే వాక్యంతో మొదలుపెట్టి, ఇప్పటి ఆకలి గురించి అడిగితే 'హావ్ యూ ఈటెన్' అని, నిన్నటి పెళ్ళిభోజనం గురించి అడిగితే 'డిడ్ యూ ఈట్' అని చెప్పే ఉపాధ్యాయుడికి పట్టిక అవసరం లేదు. అమెరికన్ వాడుకలో మొదటి సందర్భానికి కూడా 'డిడ్ యూ ఈట్' చెల్లుతుందన్న సంగతి చెబితే, గట్టు ఎంత ఎత్తో కూడా విద్యార్థికి తెలుస్తుంది.

5. చట్టంలో కాలం:
ఏజెన్సీలో ఆంగ్ల క్రియారూపాల మీద భూమి ఆధారపడి ఉంది. 1917 నాటి మద్రాసు చట్టం ఏజెన్సీ భూముల బదిలీని నియంత్రించింది. దాని స్థానంలో 1959 నిబంధన వచ్చింది. 1959లోనే భద్రాచలం ప్రాంతం తూర్పుగోదావరి నుంచి ఖమ్మం జిల్లాలో కలిసింది. ఆ నిబంధనను 1963లో తెలంగాణ షెడ్యూల్డు ప్రాంతాలకు విస్తరించారు. 1970 ఫిబ్రవరి 3 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం, ఏజెన్సీలో గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి, విరుద్ధంగా రుజువయ్యేవరకు, గిరిజనుడి నుంచి సంక్రమించినదిగా భావించాలి. ఆంగ్ల పాఠంలో ఇది 'టు హావ్ బీన్ అక్వైర్డ్' అనే పర్ఫెక్ట్ రూపంలో ఉంది. ఎప్పుడో జరిగిన సంపాదన నేటి స్వాధీనాన్ని పట్టి చూపుతుందనేది దాని భావం. 'సంక్రమించినట్లు' అనే తెలుగు మాట ఆ భావాన్ని తడబాటు లేకుండా పట్టుకుంటుంది. ఈ నిషేధం ఎంత వెనక్కి వెళ్తుందన్న ప్రశ్న న్యాయస్థానాల్లో దీర్ఘకాలం నలిగింది. అమలుకు ముందే ముగిసిన బదిలీలకు అది వర్తించదని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. 'బదిలీ అయింది' అన్నది ఏ తేదీన ముగిసిన పని అన్నదే ఆ వివాదంలో కీలకం.

2006 అటవీ హక్కుల చట్టంలో విషయం మరింత చిక్కుగా ఉంది. అటవీవాస షెడ్యూల్డు తెగలను నిర్వచించే చోట సామాన్య వర్తమానం ఉంది: అడవిలో నివసించేవారు, అడవి మీద ఆధారపడేవారు. ఇతర సంప్రదాయ అటవీవాసులను నిర్వచించే చోట 2005 డిసెంబరు 13కు ముందు కనీసం మూడు తరాలుగా నివసించిన వారన్న అర్థంలో 'హ్యాజ్ రిసైడెడ్' అనే ప్రెజెంట్ పర్ఫెక్ట్ ఉంది. చట్టం తరానికి 25 ఏళ్ళు లెక్క కట్టింది. హక్కుల గుర్తింపు షరతు చెప్పే చోట అదే తేదీకి ముందు భూమి ఆక్రమణలో ఉండాలన్న అర్థంలో 'హ్యాడ్ ఆక్యుపైడ్' అనే పాస్ట్ పర్ఫెక్ట్ ఉంది. గతంలోని ఒక నిశ్చిత తేదీ పక్కన ప్రెజెంట్ పర్ఫెక్ట్ రావడం పాఠశాల సూత్రానికి పొసగదు. ఆశ్రమ పాఠశాల విద్యార్థి ఇలా రాస్తే ఎర్ర సిరా పడుతుంది. చట్టం రాసినవారి ఉద్దేశం మాత్రం స్పష్టమే. నివాసం ఆ తేదీకి ముందు మొదలై, తెగకుండా సాగుతూ ఉండాలి.

ఈ అర్థానికి తెలుగులో సహజమైన రూపం ఉంది. అది 'వచ్చియున్నాడు' కాదు, 'సాగుచేసుకుంటూ వస్తున్నాం' అనేది. శత్రర్థకానికి 'వచ్చు' ధాతువు చేరి, గతంలో మొదలై వక్త నిలబడి ఉన్న క్షణం దాకా నడిచి వచ్చే పనిని ఇది తెలుపుతుంది. తరతరాలుగా అనే మాట దీని పక్కన కుదిరినంతగా మరే రూపం పక్కనా కుదరదు. కళాశాల వ్యాకరణాల సమీకరణంలో ఈ 'వచ్చు' లేకపోవడం ఆశ్చర్యకరం. గడిలో ముందే 'ఉండు' కూర్చుని ఉంది.

2007 నాటి నియమాలు పెద్దల వాంగ్మూలాన్ని లిఖితపూర్వకంగా నమోదు చేస్తే సాక్ష్యంగా అంగీకరిస్తాయి. హక్కుదారు తాను కాక ఇతర పెద్దలు చెప్పాలి. కోయలో చెప్పిన మాట తెలుగులో రాతకెక్కి, గ్రామసభ తీర్మానంతో సబ్‌డివిజన్ స్థాయి కమిటీకి, అక్కడి నుంచి జిల్లా స్థాయి కమిటీకి వెళ్తుంది. 'దున్నిండు' అని రాస్తే, ఎప్పుడో దున్ని వదిలేశాడని చదవవచ్చు. 'దున్నుతున్నాడు' అని రాస్తే, 2005 తరువాత మొదలుపెట్టాడని ఆక్షేపించవచ్చు. 'దున్నుకుంటూ వస్తున్నాడు' అని రాస్తే ఆ రెండు సందులూ మూసుకుపోతాయి.

2005లో బస్తరులో సల్వాజుడుం మొదలైన తరువాత సరిహద్దు దాటి వచ్చి భద్రాచలం అడవుల్లో గుడిసెలు వేసుకొన్న గుత్తికోయల విషయంలో ఏ రూపమూ ఆ తేదీని దాటించలేదు. 2014లో పోలవరం ముంపు కారణంగా కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. భద్రాచలం పట్టణం తెలంగాణలో, దాని చుట్టుపక్కల గూడేల్లో చాలా భాగం మరో రాష్ట్రంలో మిగిలాయి. గుత్తికోయల గురించి స్థానిక తెలుగులో 'వచ్చిండ్రు' అనీ అంటారు, 'వచ్చి ఉంటున్నరు' అనీ అంటారు. మొదటి మాటకు ఒక తేదీ చాలు. రెండవ మాటలో ఇల్లు, పొయ్యి, బడికి వెళ్ళే పిల్లలు ఉన్నారు. దరఖాస్తు ఫారంలో మొదటిదానికే గడి ఉంది.